పసివాడి ముక్కులో ఊదిన ఊపిరి

కరోనా రెండోసారి చుట్టుముట్టిన ఎండాకాలంలో మా అమ్మాయి తొలి కాన్పుకు నాచారంలోని మా ఇంటికి వచ్చింది. దవాఖానాలో మగపిల్లవాడు పుట్టాడు. మూడో రోజున ఇంటికి తెచ్చుకున్నాం. ఆరో రోజున, పిల్లవాడికి నీళ్లు పోయడానికి వచ్చిన అవ్వను నేను గేటు దగ్గరే ఆపేశాను.

మా బస్తీలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా నీళ్లు పోసేది ఆమే. మా అమ్మాయికీ ఆమే పోసింది.

“ఏందే, గేటుకు తాళమేసినవ్? నీ బిడ్డను ఈ కాళ్ల మీద పండవెట్టుకొని పెంచలేదా నేను?” అంది.

“పెంచినవ్ అవ్వా, కాదంటలేను. కాని నువ్వు దినాం నాలుగిండ్లు తిరుగుతున్నవ్. రోజులు బాగలేవు. మనుమనికి నేనే పోసుకుంట.”

“నువ్వా? ఒక చేతిల బుక్కు, ఒక చేతిల పోరడా? పేజీ తిప్పేటప్పుడు వాన్ని ఎవల చేతికిస్తవే?”

గోడ మీంచి చూస్తున్న పక్కింటామె పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పుస్తకాల మాట ఎత్తితే నాకు పౌరుషం వస్తుంది. నా బడి ఏడో తరగతితో ఆగిపోయింది. తర్వాత నాచారం ఫ్యాక్టరీల్లో మందుల ప్యాకింగ్ పనికి చేరాను. డబ్బాల్లో పెట్టే కాగితం మీద ఏం రాసి ఉందో తెలుసుకోవాలన్న పట్టుదలతోనే ఉప్పల్ లైబ్రరీ మెట్లు ఎక్కాను. ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక మధ్యాహ్నం వరకు అక్కడే ఉండేదాన్ని. మొదట్లో ఒక పేజీకి గంట పట్టేది. ‘నవజాత శిశువు’ అంటే అప్పుడే పుట్టిన బిడ్డ అని అక్కడి నిఘంటువులో వెతికి నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లలో ఆరోగ్యం బీరువాలో నేను తెరవని పుస్తకం లేదు. లాక్‌డౌన్ వస్తుందని వినగానే, లైబ్రరీ మూసేలోపు శిశు సంరక్షణ మీద రెండు పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాను.

కాబట్టి ఇంటి నిబంధనలన్నీ నావే. ప్రార్థనకు వస్తామన్న సంఘం ఆడవాళ్లను ఫోన్లోనే ప్రార్థన చేయమన్నాను. కూరగాయలు గుమ్మం బయటే కడిగాను. అల్లుణ్ని కూడా బోడుప్పల్ నుంచి రానివ్వకుండా, బిడ్డను వీడియోలో చూపించాను. బయటివాళ్లను ఆపితే చాలనుకున్నాను. లోపల ఉన్నవాళ్లం కూడా బయట తిరిగేవాళ్లమేనన్న ఆలోచన నాకు తట్టలేదు. మా ఆయన పొద్దున సడలింపు ఉన్న నాలుగు గంటలూ ఉప్పల్ రింగ్ రోడ్డులో షేర్ ఆటో నడుపుతూనే ఉన్నారు.

ఇక నీళ్లు. బాత్రూంలో చిన్న పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, శనగపిండితో రుద్ది, గోరువెచ్చని నీళ్లు పోసేదాన్ని. మాస్కు తడిసిపోతోందని మొదటి రోజే తీసి పక్కన పెట్టేశాను. చివర్లో మావాళ్లందరూ చేసే పనే నేనూ చేశాను. తల మీంచి జారిన నీళ్లు పోవడానికి బిడ్డ చెవుల్లో, ముక్కులో నోటితో గట్టిగా ఊదాను. అలా ఊదకూడదని నేను తెచ్చిన పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఆ పేజీ రెండుసార్లు చదివాను. చదివింది తలలో ఉండిపోయింది. చేతులకూ నోటికీ మాత్రం మా అమ్మా, నీళ్లు పోసే అవ్వా చేయగా చూసిందే అలవాటు. ఆరు రోజులు పోశాను, ఆరు రోజులూ ఊదాను.

నీళ్లు పోయడం మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి నాకు దగ్గు మొదలైంది. బిడ్డకు వేసే సాంబ్రాణి పొగ వల్లనుకున్నాను. అంతకు ముందు రోజు మా ఆయన ఒళ్లు నొప్పులని పడుకున్నారు. ఎండదెబ్బ అన్నారు. నేనూ అదే నమ్మాను.

పుట్టిన పన్నెండో రోజు పొద్దున పిల్లవాడు పాలు తాగలేదు. రొమ్ము నోటికి అందించినా తల తిప్పేసుకున్నాడు. ముట్టుకుంటే వేడి. థర్మామీటర్ పెడితే నూటొక్కటి.

“ఎండలకు ఇల్లంత కాలుతున్నది, వాని ఒళ్లు కాలదా? తడిబట్టతోని తుడువు. సాయంత్రం దాక సూద్దాం,” అన్నారు మా ఆయన.

“సూసుడు గీసుడు లేదు. నెల లోపు పిల్లలకు జ్వరమొస్తే ఇంట్ల ఏ మందు వెయ్యద్దు, గంట గూడ ఆగద్దు. ఆటో తియ్యి.”

“సరే డాక్టరమ్మా, నువ్వు చెప్పినంక ఇంకేమున్నది!” అని వెక్కిరిస్తూనే ఆటో తీశారు.

నగరం మధ్యలోని పెద్ద పిల్లల దవాఖానాకు వెళ్లాం. దారంతా అమ్మాయి పిల్లవాడి పొట్ట మీద చెయ్యి పెట్టి కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఊపిరి అందక కష్టపడుతున్నాడని దాని అర్థం. అమ్మాయికి అది తెలియదు, నాకు తెలుసు. మా ఆయనను ఇంకా తొందరగా నడపమన్నాను.

చిన్న వయసు డాక్టరమ్మ పిల్లవాడిని చూస్తూనే అడిగింది. “ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం ఉన్నాయా?”

“ఎవ్వలకు లేవు మేడం. ఈమె బయటోళ్లను గేటు గూడ దాటనియ్యలే,” అన్నారు మా ఆయన. ఆ మాటల్లో నా మీద గర్వమే ఉంది.

డాక్టరమ్మ రాసుకుంటోంది. నర్సు పిల్లవాడిని ఎత్తుకుని, పసివాళ్లు వరుసగా పడుకున్న గదివైపు కదిలింది. గాజు తలుపులోంచి ఆరుగురు కనిపించారు. నాకు గొంతులో దగ్గు వచ్చింది. మింగేశాను. ఈ దగ్గుకు పొగతో సంబంధం లేదు. ఇక్కడ సాంబ్రాణి లేదు.

“ఆగమ్మా, ఆడికి తీస్కపోవద్దు,” అన్నాను. “నాకుంది దగ్గు. మూడు రోజులాయె. ఈయనకు ఒళ్లు నొప్పులున్నయి. నీళ్లు వోసినంక నేను దినాం బాబు ముక్కుల ఊదిన.”

“మాస్కు?”

“లేదు.”

అమ్మాయి నావైపు తిరిగింది. “అమ్మా! నువ్వే అందరికి చెప్తివి గదా.”

డాక్టరమ్మ మాత్రం కోప్పడలేదు. “ఇప్పుడు చెప్పారు, అది చాలు. లేకపోతే ఆ ఆరుగురి మధ్య పెట్టేవాళ్లం,” అని పిల్లవాడిని వేరే గదిలో చేర్చింది.

పరీక్షల్లో నాకు, మా ఆయనకు, పిల్లవాడికి కరోనా అని తేలింది. అమ్మాయికి లేదని వచ్చింది. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఎవరి వల్ల, ఎప్పుడు అంటుకుందో ఖాయంగా చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఆ మాట చాటున దాక్కోవచ్చు. నేను దాక్కోదలచుకోలేదు.

పిల్లవాడికి ఆక్సిజన్ పెట్టారు. తోడుగా అమ్మాయి ఒక్కతే ఉండాలన్నారు. మా ఆయనను కింది గదిలో ఉంచి, నేను మేడ మీది రేకుల గదిలో ఉన్నాను. ఆ రేకుల వేడికి జ్వరం ఏదో, ఎండ ఏదో తెలిసేది కాదు. ఫోన్ ఒక్కటే ఆధారం.

రెండో రోజు అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. “మా అత్తమ్మ పాలు బంద్ జెయ్యమంటున్నది. నాకు గూడ అంటుకుంటదట. డబ్బా పాలు వొయ్యమంటున్నది.”

“డాక్టరమ్మ ఏమన్నది?”

“మాస్కు పెట్టుకొని, చేతులు కడుక్కొని నా పాలే తాపమన్నది. ఆయాసం తగ్గేదాక పాలు పిండి చెంచాతోని పొయ్యమన్నది.”

“అయితే అదే. మీ అత్తమ్మకు నేను చెప్పుకుంట.”

వియ్యపురాలికి ఫోన్ చేశాను. ఆమె నన్ను బాగానే నిలదీసింది. “ఊదేటప్పుడు యాదికి రాని బుక్కు ఇప్పుడు యాదికొచ్చిందా వదినా?”

“అప్పుడు రాలేదు వదినా, తప్పు నాదే. నా తప్పుకు వాని పాలు ఎందుకు కొయ్యాలె? నన్ను ఎన్నన్న అను, పాల జోలికి మాత్రం రావద్దు.”

ఆమె చాలాసేపు తిట్టింది. విన్నాను. చివరికి, “సరే, డాక్టర్ చెప్పినట్లే జెయ్యమను,” అంది.

ఆ తర్వాత రెండు గంటలకోసారి నా ఫోన్లో అలారం మోగేది. అమ్మాయి నర్సును పక్కన పెట్టుకుని చెంచాతో పాలు పట్టేది. నేను చెవికి ఫోన్ పెట్టుకుని కూర్చునేదాన్ని.

“రెండు చెంచాలకే నిద్రవోతున్నడు అమ్మా.”

“అరికాలు గీకు. లేస్తే మూడోది పెట్టు.”

“మేడ మీద కూసోని చెప్పుడు అల్కగనే ఉంటది.”

“తెల్సు బిడ్డా. మూడోది పెట్టు.”

చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినిపించేది. తర్వాత, “మింగిండు,” అనేది. నాకు ఆ ఒక్క మాట చాలు, మళ్లీ రెండు గంటలు గడిచేవి.

నాలుగో రోజు ఆక్సిజన్ తీశారు. ఆరో రోజు రొమ్ము పట్టాడు. ఎనిమిదో రోజు ఇంటికి పంపించారు. అల్లుడు కారు మాట్లాడుకుని తెచ్చాడు. మా ఆయన అప్పటికే మేడ మీదికి మారారు, ఇద్దరం కిందికి దిగలేదు. విడిగా ఉండమని డాక్టరమ్మ చెప్పిన గడువుకు ఇంకా రోజులున్నాయి. మెట్ల మీంచి వాడి ఏడుపు విన్నాను. ఆ ఏడుపులో బలం ఉంది.

వాడు చిక్కిపోయాడు. పుట్టినప్పటి బరువు కూడా లేదు. రెండు వారాలకు, మాకందరికీ తగ్గాక, తూకం వేయించడానికి బస్తీ దవాఖానాకు వెళ్లాం. నర్సు తక్కెడలో పడుకోబెట్టి, రెండుసార్లు చూసి, “పుట్టిన బరువు దాటి పావుకిలో పెరిగిండు. ఏం తాపుతున్నరు?” అంది. “నా పాలే,” అంది అమ్మాయి. ఆ మాట ఎంత గట్టిగా అందంటే బెంచీ మీదున్నవాళ్లు తిరిగి చూశారు.

ఆ బెంచీ మీద ఒక బాలింత, పక్కన ఆమె అత్త ఉన్నారు. పదిరోజుల ఆడపిల్లను పెద్దామె ఒళ్లో పెట్టుకుంది. పిల్ల తుమ్మితే, “నీళ్లు వోయినయో లేదో, ఇంటికి వోయి మల్లోసారి ఊదాలె,” అంది కోడలితో.

“ఊదకు అక్కా,” అన్నాను.

“ఎందుకూదద్దు? మనమందరం ఊదిచ్చుకొని పెరిగినోళ్లమే గాదా? ఏమైంది?”

అమ్మాయి నా చెయ్యి పట్టి లాగింది, ఇంటికి పోదామని. పదిమందిలో ఆ సంగతి చెప్పుకోవడం దానికి ఇష్టం లేదు. నాకూ ఇష్టమేమీ కాదు.

“మా మనుమనికి ఏమైందో చెప్త. జర జరుగు అక్కా, కూసుంట,” అని మాస్కు సరిచేసుకుని బెంచీ చివర కూర్చున్నాను.