మా అమ్మ పొగాకు, పిల్లవాడి లెక్క

మా అమ్మ నమిలిన పొగాకును నా తమ్ముడి కొడుకుకున్న అలవాటుగా రాసేశారు. రాసినవాళ్ళు పెద్ద చదువులవాళ్ళు. దానివల్ల వాడికి హోసూరులో రావాల్సిన ఫ్యాక్టరీ పని పోయింది.

ఎనభైల మొదటి రోజులు. తమిళనాడు సరిహద్దులో, తెలుగూ కన్నడమూ కలిసిన జవళగిరిలో మాకు చిల్లర అంగడి. హోసూరులో కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. తమ్ముడి కొడుకు ఫిట్టరు పని నేర్చుకోవడానికి అర్జీ పెట్టి, పరీక్ష కూడా దాటాడు. చేరే రోజు వాడితో నేనూ వెళ్ళాను. గుమాస్తా ఊరి పేరు చూడగానే కలం కింద పెట్టాడు.

"జవళగిరియా? మీ పక్క పిల్లకాయలకి మత్తు అలవాటు జాస్తి అంట కదప్పా. మిషన్ కాడ చెయ్యి పోతే జవాబు ఎవరు చెప్పేది?"

"నీకెవరు చెప్పినారు?"

"రిపోర్టే వచ్చింది. నన్నడిగితే?"

తిరిగి వచ్చే బస్సులో నా అనుమానం మొదట వాడి మీదికే పోయింది. దిగగానే నోరు తెరవమన్నాను, చొక్కా వాసన చూశాను.

"పండ్లు కూడా చూసుకో పెదనాయనా, సంతలో ఎద్దును చూసినట్ల," అన్నాడు.

వాడి దగ్గర ఏమీ లేదు. తర్వాత ఎదురంగడివాడిని అనుమానించాను, ఇలాంటి మాట పుట్టించగలవాడు వాడే అని. కానీ వాడి కొడుకునూ అదే మాట చెప్పి వెనక్కి పంపారు. అంటే ఇది అంగళ్ళ మధ్య కక్ష కాదు.

ఆ రిపోర్టు నకలు ఒకటి తెలిసిన బడి అయ్యవారి దగ్గర సంపాదించాను. నేను బడికి పోయింది తక్కువ; పొట్లాలు కట్టే పాత పేపర్లు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాడిని. పట్టు పట్టి చదివాను. మూడు జట్లు మూడు చోట్ల వేరువేరుగా చేసిన సర్వేలను ఒక డాక్టరు, ఆయన మనుషులు ఒకటిగా కలిపి, ఏ వైపు పిల్లలకు మత్తు అలవాటు ఎక్కువో తేల్చారు. కృష్ణగిరి బడిలో అడిగింది పిల్లలనే, అయ్యవారు పక్కన నిలబడి ఉండగా. లేదనక ఏమంటారు? మత్తిగిరిలోనూ పిల్లలనే అడిగారు, వాళ్ళూ లేదనే అన్నారు. జవళగిరిలో మాత్రం ఇంటింటికీ వచ్చి పెద్దలను అడిగారు. ఆ రోజు నేను అంగట్లోనే ఉన్నాను.

ఇంట్లో ఎవరైనా పొగాకు, సారాయి, గంజాయి వాడతారా అని సర్వేకి వచ్చిన అమ్మాయి కన్నడంలో అడిగింది. దవడన పొగాకు ముద్ద పెట్టుకున్న మా అమ్మ తెలుగులోనే జవాబిచ్చింది.

"నేనుండాను కదమ్మా. ఈడ కూర్చో, నీకూ రవంత పెడతా."

ఆ అమ్మాయి నవ్వి, ఒక గీత గీసుకుని పోయింది. మూడూ కలిపినప్పుడు ఆ గీత మా ఇంటి పిల్లవాడి లెక్కలో పడింది. మా వీధిలో పొగాకు నమలని ముసలమ్మ ఎవరు?

ఇది పొరపాటంటే నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. ఒకచోట పిల్లలను, ఒకచోట ఇంటిని అడిగారని కలిపేవాళ్ళకు కనబడదా? ఉత్తరాలు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఆ లెక్కలు కలిపిన డాక్టరు కృష్ణగిరిలో మీటింగుకు వస్తున్నాడని విని, పిల్లవాడిని వెంటబెట్టుకుని పోయి మెట్ల మీదే ఆపాను.

"వీణ్ని ఎవరన్నా అడిగినారా సార్? మా ఊరిని ఆ లెక్కలోనించి తీసేయండి. వీడికి పని దొరుకుతుంది."

ఆయన పిల్లవాడి వైపు చూడకుండా, తెలుగులోనే, మెల్లగా అన్నాడు:

"అడగలేదని మాకు తెలుసప్పా. మూడూ విడివిడిగా ఉన్నప్పుడు ఎవరూ చదవలేదు, కలిపినాకే చదివినారు. మీ ఊరు తీసేస్తే రిపోర్టులో చెప్పేదానికి ఏమీ మిగల్దు."