ఫ్యాన్ హోరు

పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే ఆమెను వీధిలో అందరూ ఆల్బమక్క అంటారు. చనిపోయిన అన్నయ్య స్వయంగా బిగించుకున్న కంప్యూటరే ఆమెకు జీవనాధారం. పెద్ద ఆల్బమ్ పనిలో పడగానే దాని ఫ్యాన్ హోరెత్తేది. ఆ హోరు వినగానే వంటింట్లోంచి వదిన, "టీ తెమ్మంటారా?" అని అడిగేసి, వెంటనే నాలుక కరుచుకునేది.

రానురాను కంప్యూటర్ నత్తనడక పట్టింది. మెకానిక్ మూత తీసి చూశాడు.

"ప్రాసెసర్ పాతబడిందక్కా. కొత్తది వేస్తే అలికిడి కూడా వినపడదు. లేదంటే ఓవర్‌క్లాక్ చేసి దీని వేగమే పెంచొచ్చు. కానీ బాగా వేడెక్కుతుంది, ఎన్నాళ్లుంటుందో చెప్పలేను."

వదిన కోసమైనా కొత్తదే వేయించాలనుకుంది ఆల్బమక్క. ఆ మాటే చెబితే వదిన గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"చప్పుడే ఉండదా?"

"ఉండదు వదినా. నీకూ కాస్త తెరిపిగా ఉంటుంది."

"వద్దమ్మా. ఆ చప్పుడు వినపడ్డంతసేపూ మీ అన్నయ్య ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. దీన్నే నడిపించు."

ఆల్బమక్క కాదనలేక మెకానిక్‌తో ఓవర్‌క్లాకే చేయించింది.

వేగం పెరిగింది, హోరూ పెరిగింది. వదిన ఇప్పుడు నిజంగానే టీ తెచ్చి బల్లమీద పెట్టేది. ఆల్బమక్క గ్లాసు అందుకోబోతే, "అది నీది కాదు" అనేది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం కమురు వాసన వచ్చి తెర నల్లబడింది. ఫ్యాన్ ఆగిపోయింది. వదిన పరుగున వచ్చి, కాలుతున్న పెట్టెమీద చెయ్యి వేసి, అది చల్లారేదాకా తీయలేదు.

"ఇప్పుడు పోయారమ్మా," అంది మెల్లగా.

భర్త పోయిననాడు కంటతడి పెట్టని మనిషి, అక్కడే కూలబడి భోరున ఏడ్చింది.