జామ్ వెతుక్కుంటూ పోయే కారు

హైదరాబాదుల అందరు ట్రాఫిక్ జామ్ తప్పించుకోనీకి గల్లీలు పట్టి ఉరుకుతరు. నా కొడుకు ఒక్కడే కావాలని పోయి జామ్‌ల కూసుంటడు. పిచ్చి లేచి కాదు, హైబ్రిడ్ కారు కొన్నడు, అందుకు.

ఆ కారు సంగతి నాకు అర్థమైనకాడికి చెప్త. దాంట్ల పెట్రోలు ఇంజనుంటది, బ్యాటరీతోని నడిచే మోటారు గూడ ఉంటది. మెల్లగ పోతే బ్యాటరీ మీద నడుస్తది, పెట్రోలు ఖర్చు కాదు. బ్రేకు తొక్కితే ఆ బ్యాటరీ మళ్ల జర చార్జవుతది. జోరుగ తొక్కితే మాత్రం ఇంజను లేస్తది. బ్యాటరీ మీద నడిచినంతసేపు ముందల తెర మీద పచ్చ లైటు వెలుగుతది. ఇగ మావాని బతుకంత ఆ పచ్చ లైటే. మామూలు బండ్లకు హైవే మీద మైలేజీ బాగొస్తది, ఊర్లె పడిపోతది. దీనికి ఉల్టా. ఊర్లె ఎంత పాకితే అంత మంచిదట.

గా కార్లు కొన్నోళ్లకు ఫోన్ల ఒక గ్రూపుంది. పొద్దుగూకంగనే ఒక్కొక్కరు తెర ఫోటో తీసి అండ్ల పెడతరు. లీటరుకు ఇరవైమూడొచ్చిందని ఒకాయన, ఇరవైఅయిదొచ్చిందని ఇంకొకాయన. కంపెనీవాళ్లు చెప్పిన ఇరవైఎనిమిది మాత్రం ఎవ్వరికీ రాదు, అందరి తపస్సు దానికోసమే. మావాడు అన్నం ముందల పెట్టుకొని ఆ ఫోటోలు చూసుకుంట ఏడుస్తుంటడు, కోడలు కూర చల్లారుతుందని మొత్తుకుంటది.

ఏసీ వేస్తే బ్యాటరీ తాగేస్తదని వెయ్యడు. పోనీ అద్దాలన్న దించురా అంటే, గాలి అడ్డమొచ్చి బండిని ఆపుతదట! "అరేయ్, పక్కపొంటి నడిచే ముసలమ్మ మనల్ని దాటిపోతున్నది, ఇంక నీకు అడ్డమొచ్చే గాలి ఏడికెళ్లొస్తదిరా?" అని అడిగిన. వినలే. బరువు తగ్గియ్యాలని డిక్కీల నుంచి నా మడత కుర్చీ తీసి బయట పెట్టిండు. పెట్టి, నా పొట్ట దిక్కు గూడ ఒకసారి చూసిండు. నేను గూడ నా కాలంల సిగ్నల్ కాడ స్కూటర్ బందు పెట్టినోణ్నే, కాని కూసున్న మనిషిని ఉడకబెట్టలే.

ఇగ అసలు ముచ్చట. నాకు మూత్రం తిప్పలుంది. రాత్రి నిద్ర లేదు, పగలు ఇల్లు కదల్లేను, వచ్చిందంటే ఆగదు. డాక్టరు చూసి, ప్రొస్టేట్ పెరిగినట్టుంది, స్కాన్ తీపియ్యమన్నడు. నాంపల్లిల ఒక స్కాన్ సెంటర్ల మధ్యాహ్నం తర్వాత రమ్మని నంబరిచ్చిన్రు. ఫోన్ల ఆ అమ్మాయి ఎంత తియ్యగ చెప్పిందో: "పెద్దాయనా, నీళ్లు మస్తుగ తాగి రండి. మూత్రం మాత్రం పొయ్యొద్దు. సంచి నిండుగుంటెనే మంచిగ కనవడతది."

నా రోగమే ఆపుకోలేని రోగం. ఆపుకునేటోణ్నైతే స్కాన్ దేనికమ్మా అని అడుగుదామనుకున్న, అంతలనే పెట్టేసింది. స్కాన్ల ఏం బయటపడతదోనని నాకు ఫికర్ లేదు. తోవల ఏం బయటపడతదో అదే నా భయం. ఈ వయసుల మనిషి దగ్గర మిగిలేది ఏముంటది? ప్యాంటు పొడిగుంటే ఇజ్జత్ ఉన్నట్టు, తడిస్తే పోయినట్టు. నేను నాంపల్లి దాంక పొడిగ పోవాలె, గంతే నాకు కావాల్సింది.

హిమాయత్‌నగర్‌ల మా ఇంట్ల కూసొని సీసాలకు సీసాలు నీళ్లు తాగిన. కోడలు ఇంకో గ్లాసు, ఇంకో గ్లాసు అని పోసింది. కార్ల ఎక్కేటప్పటికే పొట్ట బిగుసుకున్నది. బషీర్‌బాగ్ కాడికొచ్చినంక, పబ్లిక్ గార్డెన్స్ దిక్కుకెళ్లి పోతడనుకున్న. వాడు సీదా అబిడ్స్ దిక్కు పోనిచ్చిండు.

"ఏందిరా గిట్ల పోతున్నవ్? గా తోవ ఖాళీగుంటది గదా!"

"ఖాళీగుంటది బాపూ, అందుకే వద్దు. ఖాళీ రోడ్డు మీద జోరుగ పోవాల్సొస్తది, ఇంజను లేస్తది. అబిడ్స్‌ల ఈ టైముకు మంచి జామ్ ఉంటది."

మంచి జామ్! డెబ్బైయేండ్ల సంది ఈ ఊర్లె బతుకుతున్న, ఆ మాట ఎవ్వని నోట్లెకెళ్లి వినలే. వానికి నా సంకటం తెల్వక కాదు. టైముకు ముందే చేరుతమని లెక్క వేసుకున్నడు, లెక్కల నా సంచి లేదు.

జామ్ నిజంగనే మంచిగుండె. బస్సులు, ఆటోలు, రోడ్డు దాటే జనం, బట్టల దుకాణాల ముందల అడ్డం పెట్టిన స్కూటర్లు. మావాడు ముందల బండికి ఇంత జాగ వదిలి, ఆగకుంట, ఉరకకుంట, చీమ నడకల పోనిస్తున్నడు. ఆ సందుల ఇంకో రెండాటోలు దూరుతున్నయి. వెనకకెళ్లి హారన్లే హారన్లు. ఒక ఆటో ఆయన పక్కకొచ్చి, "క్యా మియా, సో గయే క్యా?" అని, నిద్రవోయినవా అన్నట్టు అరిచిండు. నాకు ఆయన్ని దిగి కావలించుకోవాలనిపించింది.

"జర ఆపురా," అన్న పెద్ద పోస్టాఫీసు కాడ. "ఏదో ఒక మూలకు పోయొస్త."

"ఇప్పుడు పోస్తే ఎట్ల బాపూ? మళ్ల అన్ని నీళ్లు తాగాలె, మళ్ల నిండేదాంక కూసోవాలె, నంబరు పోతది. ఇంకెంత, వచ్చేసినం."

వాడు చెప్పింది కరెక్టే, అందుకే ఇంక కోపమొచ్చింది. స్కాన్ సెంటరోళ్లు ఒక దిక్కు, వీని పచ్చ లైటు ఒక దిక్కు, ఇద్దరు గలిసి నా పొట్ట మీద పడ్డరు. అద్దాలు ఎక్కిచ్చున్నయి, ఏసీ లేదు, చెమటలు కారుతున్నయి. కాళ్లు దగ్గరకు బిగబట్టి, రెండు చేతులు ఒళ్లె పెట్టి, దేవుడా దేవుడా అనుకుంట కూసున్న. గుంతొచ్చినప్పుడల్ల ప్రాణం పోయొచ్చింది.

నాంపల్లి స్టేషన్ రోడ్డుకు తిరిగినంక మావాడు ఒక్కసారి కేకేసిండు. "బాపూ! ఇరవైఎనిమిది! కంపెనీ అంకె!"

వాని మొఖం చూడాలె. పదో తరగతి ఫస్టు క్లాసుల పాసైనప్పుడు గూడ అంత సంబురపడలే. ఫోను నా దిక్కు చాపి, "జల్ది ఒక ఫోటో తియ్యి, నేను స్టీరింగ్ ఇడవలేను" అన్నడు.

"తియ్యనీకి నా చేతులు ఖాళీ లేవురా!" అన్న. అరుద్దామనుకున్న గని గొంతు సన్నగ ఏడుపు లెక్క వచ్చింది.

అప్పుడు చూసిండు నన్ను. చేతులు ఏడున్నయో చూసిండు, మొఖం చూసిండు. ఫోను ఎనకసీట్లెకు ఇసిరి, హారన్ మీద చెయ్యేసి, యాక్సిలరేటర్ మొత్తం తొక్కిండు. ఆ కారు కొన్నప్పటిసంది వాడు అట్ల తొక్కుడు అదే మొదటిసారి. ఇంజను గయ్యిమని లేచింది, పచ్చ లైటు ఆరిపోయింది, బండి ఒక్క ఊపుతోని ఎగిరింది.

ఆ ఊపుకే నా పని అయిపోయింది.

ఆపుదామన్నా ఆగలే. వెచ్చగ, మెల్లగ, అంత పోయింది. ఇంట్ల తాగినయన్ని పోయినయి. నాకు సిగ్గుతోని సచ్చిపోవాలనిపించింది. ఏడ్చిన. దాచుడెందుకు, చిన్నపోరని లెక్క ఏడ్చిన. వాడు తెర దిక్కు ఒక్కసారి గూడ చూడలే. స్కాన్ సెంటర్ ముందలికెళ్లే పోయిండు, ఆపలే. ఏసీ ఫుల్లు పెట్టి, పబ్లిక్ గార్డెన్స్ దిక్కుకెళ్లి ఇంటికి ఉరికిచ్చిండు.

తోవపొడుగూత తిట్లు కూడబెట్టుకున్న. నీ మైలేజీ మన్నుబడ, నీ గ్రూపు మన్నుబడ అని మొదలువెట్టి వాని మామదాంక తిడదామనుకున్న. వాడు ఒక్కటే మాటన్నడు, "రేపు చేపిద్దాం బాపూ." నేను తిట్లు మింగి కిటికీ దిక్కు తిరిగిన.

ఇంటికాడ తన తువ్వాల నా నడుముకు చుట్టి, నన్ను లోపలికి పంపిండు. కోడలు వంటింట్లుండె, చూడలే. స్నానం చేసి వచ్చి నా అర్రల పండుకున్న. మాది కిందిల్లు, నా కిటికీ పార్కింగ్ దిక్కుంటది. కోడలు బయటికి పోయిన చప్పుడైంది. ఇంక అయిపోయింది నా పని అనుకున్న. ఆమె కంటికి ఏదీ తప్పదు.

"సీటేంది గంత తడిసింది? ఏం రుద్దుతున్నరు?"

నేను దుప్పటి మొఖం మీదికి గుంజుకున్న.

"నీళ్ల బాటిల్ ఒంపుకున్న," అన్నడు మావాడు. "మూత సరిగ్గ పెట్టలే."

"కొత్త కారు! నన్ను అండ్ల బిస్కెట్ గూడ తిననియ్యరు, మీరేమో బాటిల్‌కు బాటిల్ గుమ్మరిస్తిరి. ఒక్క మూత పెట్టరాదా?"

"నాదే తప్పు," అన్నడు. ఆ కారు మీద ఈగ వాలినా ఊకోనోడు.

కోడలు కిటికీ దిక్కు తిరిగింది. "చూసిండ్రా మామయ్యా, మీ కొడుకు పని!"

లేచి కిటికీ కాడ నిలబడ్డ. వాడు తల ఎత్తలే, సీటు రుద్దుతనే ఉన్నడు.

"ఔ బిడ్డా," అన్న. "వానికి చిన్నప్పటిసంది గంతే. మూత పెట్టుడు రాదు."