బొమ్మకు బర్త్ సర్టిఫికెట్

టెడ్డీ బొమ్మకు గూడ బర్త్ సర్టిఫికెట్ ఇస్తరని నాకు గా దినమే ఎరుకైంది. ఎరుకైనంక అరికాలి మంట నెత్తికెక్కింది.

నా బిడ్డకు ఐదేండ్లు నిండినయని మా తమ్ముడు మమ్మల్ని ఉప్పల్ల ఒక మాల్‌కు తోల్కపోయిండు. అండ్ల ఒక బొమ్మల దుకాణమున్నది. అక్కడ తయారైన బొమ్మలు అమ్మరు, ఎవరి బొమ్మ వాళ్ళే చేసుకోవాలె. చేసుకునుడంటే పెద్ద పనేం లేదు. దూది లేని ఒట్టి బొమ్మ తోలు ఒకటి తీస్కొని, మిషిన్ గొట్టానికి తొడిగి, కాలుతోని పెడల్ తొక్కితే దూది బుస్సుమని లోపలికి పోతది. మధ్యల ఎర్రగుడ్డ గుండెకాయ ఒకటి పెట్టి దండం పెట్టుకుంటే, దుకాణంల పనిచేసే పిల్ల ఈపు కుట్టేస్తది. నా బిడ్డ పెద్ద చెవుల ఎలుగుబంటి బొమ్మను పట్టుకున్నది. మస్తు ఖుష్ అయింది. నేను గూడ నవ్వుకుంట సూస్తున్న.

గప్పుడు దుకాణం పిల్ల కంప్యూటర్ ముందట కూసొని, "అక్కా, ఇగ బర్త్ సర్టిఫికెట్ చేద్దం" అన్నది.

"ఎవరికి?" అన్న.

"టెడ్డీకి అక్కా. పేరు చెప్తే చాలు, రెండు నిమిషాలల్ల వస్తది."

రెండు నిమిషాలంట! నేను నాలుగు నెలల సంది నా బిడ్డ సర్టిఫికెట్ కోసం చెప్పులరిగేటట్టు తిరుగుతున్న. మా ఇండ్లల్ల ఇరవై ఒకటో దినం తొట్లె ఫంక్షన్ చేసి, గప్పుడే పిల్లకు పేరు పెడ్తరు. దవాఖానోళ్ళకేమో డిశ్చార్జి నాడే పేరు గావాలె. ఇంక పెట్టలేదంటే పేరు గడి ఖాళీగ ఇడిసి కాయిదం పంపిన్రు. తర్వాత పోయి రాపిచ్చుకోవాల్సింది, మర్సిపోయినం. తప్పు మాదే. అయితే? తప్పు చేసినోళ్ళకు దిద్దుకునే దారి ఉండద్దా? పేరు లేని సర్టిఫికెట్ నడ్వదు, నెలాఖరుదాక మంచిది తేకపోతే ఒకటో తరగతి సీటు ఇంకొకరికి ఇస్తమని బడోళ్ళు అన్నరు. ఇగ మున్సిపల్ ఆఫీసుకు పోతే గుమాస్తా ఒకనాడు దవాఖాన లెటర్ తెమ్మంటడు. తెస్తే అఫిడవిట్ ఏదంటడు. అదీ తెస్తే సర్వర్ లేదంటడు. నేను నాచారంల మసాలా ప్యాకింగ్ కంపెనీల చేస్త, పోయినప్పుడల్ల సగం దినం సెలవు పెట్టాలె. ఆ ఆఫీసు పెద్దసారు పేరు ఎక్కియ్యమని ఎప్పుడో చెప్పిండు, గీయన ఎక్కిస్తలేడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటరు సూడు, గట్లున్నది. ఇంటికొస్తే రోజూ గీ లొల్లే. "పిల్లకు పేరే లేదంటున్నరు" అని నేనే ఎన్నిసార్లు అర్సిన్నో! పక్కన కూసొని బిడ్డ ఇంటదన్న సోయి నాకు లేకపాయె.

"పాపా, టెడ్డీకి ఏం పేరు పెడ్దం?" అని దుకాణం పిల్ల అడిగింది.

నా బిడ్డ సక్కగ నిలబడి తన పేరే చెప్పింది, ఇంటిపేరుతోని సహా.

"నీ పేరు కాదురా, టెడ్డీ పేరు."

"గదే రాయి."

దుకాణం పిల్ల నవ్వుకుంట టైపు కొట్టింది. రంగు కాయిదం బయటికొచ్చింది. పేరు గడిల నా బిడ్డ పేరు, ఒక్క అక్షరం తప్పు లేకుండ.

ఆటోల ఎలుగును మామ ఒళ్ళె పడేసి, కాయిదం మాత్రం రెండు చేతులతోని పట్టుకొని కూసున్నది. ఇంటికి రాంగనే నా చేతుల పెట్టింది. "అమ్మా, ఇగ లొల్లి వెట్టకు. రేపు గిది బడిల ఇయ్యి. గిండ్ల నా పేరున్నది."

అయ్యో నా తల్లీ! నాకు ఏడుపాగలేదు. తెల్లారేసరికి ఆ ఏడుపంత కోపమైంది. కాయిదం పట్టుకొని సీదా ఆఫీసుకు పోయి గుమాస్తా టేబుల్ మీద పెట్టిన. సదివి పకపక నవ్విండు. "గిది బొమ్మది గదమ్మా!"

"అవు సార్, బొమ్మదే. దూది బొమ్మకు పేరెక్కింది, నా బిడ్డకే ఎక్కలే. అందుకే పిల్ల తన పేరు బొమ్మ కాయిదంల రాపిచ్చుకున్నది. ఇప్పుడు నవ్వున్రి సార్."