నేను నీ లాయర్ని కాదు

మొన్న కలెక్టరేట్‌లో సమావేశం నడుస్తుండగా నా పక్క కుర్చీలో ఉన్నావిడ జలుబు చేసిందని చేతిరుమాలు మీద నీలగిరి తైలం చల్లుకుంది. ఆ ఘాటు ముక్కుకి తగలగానే ముందు మాట్లాడుతున్నాయన గొంతు నాకు వినపడడం మానేసింది. అనకాపల్లి కోర్టు దగ్గర ఒక మందుల షాపు మీద ఉండే ఇరుకు గది, కిటికీ రెక్కకి ఆరేసిన నల్లకోటు, తలనొప్పితో కణతలు నొక్కుకుంటూ ఫైలు చదువుతున్న కరుణ గారు కళ్ల ముందుకు వచ్చేశారు. ఆవిడ అప్పట్లో ప్రభుత్వ న్యాయవాది. ప్రభుత్వం మీద ఎవరు దావా వేసినా ప్రభుత్వం తరఫున కోర్టులో నిలబడేది ఆవిడే. కోర్టులో అందరూ జీపీ మేడం అనేవారు. ఆవిడ వెళ్లే చర్చిలో మాత్రం కరుణమ్మ. ఎండలో నడిస్తే ఆవిడకి తలనొప్పి వచ్చేది, అందుకని ఆ సీసా ఎప్పుడూ సంచిలో ఉండేది.

నేను ఆవిడ దగ్గర పనిచేయలేదు. ఆవిడ నాకు చదువు చెప్పలేదు. ఆవిడతో నాకున్న పరిచయమంతా ఒక్క కేసు. అయినా ఉద్యోగం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ కేసులోనే.

మాది కోటవురట్ల దగ్గర చెరకు పండించే ఇల్లు. మా ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం వచ్చిన మొదటిదాన్ని నేనే. సర్వేయర్‌గా వేసిన మొదటి మండలం పేరు ఇక్కడ చెప్పను, దాంతో పనిలేదు. ఆ మండలంలో ఒక ఊరి చివర గెడ్డ, అంటే చిన్న వాగు, దాని గట్టున అప్పలరాజు అనే ఆయనకి ఒక రేకుల షెడ్డు ఉండేది. ఏటికొప్పాకలో పని నేర్చుకుని వచ్చి, అక్కడ లేతు యంత్రం పెట్టుకుని లక్కబొమ్మలు చేసేవాడు. ఆ షెడ్డు వల్ల గెడ్డ ఇరుకైపోయి దిగువ వరి చేలల్లో నీళ్లు నిలిచిపోతున్నాయని రైతులు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. ఆ ఏడు వానలకి నారు కుళ్లిపోయింది. రైతులంతా వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. మా తహసీల్దారు గారు చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. ఆ గొడవ ఎలా అణచాలో తెలియక, యజమానికి నోటీసు ఇచ్చి, అతని ఎదుట కొలిచి, ఆ తర్వాత చేయాల్సిన పనిని అవేవీ లేకుండా జేసీబీతో చేయించేశారు. నన్ను పిలిచింది షెడ్డు నేలకూలాక. "ఇప్పుడు కొలిచెయ్యమ్మా" అన్నారు.

నేను కొలత గొలుసు పట్టుకుని వెళ్లేసరికి అప్పలరాజు రేకుల కింద నుంచి సగం చెక్కిన బొమ్మలు ఏరుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తిట్టలేదు.

"గెడ్డలోకి వచ్చిందంటే వచ్చే ఉంటాదమ్మా, నానేటి సదువుకున్నోడినా," అన్నాడు. "ఒక్క మాట సెప్తే నానే తీసేసుకుందును. నా మెషీను మీదకి తోలేసేరు."

కొలిచాను. షెడ్డు ముందు భాగం ప్రభుత్వానిదైన గెడ్డ పోరంబోకులోనే ఉంది. వెనక భాగం మాత్రం అతని సొంత జిరాయితీ భూమి. అతను అనకాపల్లి కోర్టులో దావా వేశాడు.

ఆ దావాకి ప్రభుత్వం జవాబు ఇవ్వాలి. తహసీల్దారు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరకి వేశారు. "కూల్చకముందే, అతని ఎదుటే కొలిచానని చెప్పమ్మా. భూమి గవర్నమెంటుదే కదా, మనం అన్యాయం ఏటీ చెయ్యలేదు. మార్చేది తారీకు ఒక్కటే కదా," అన్నారు. ఆయన గొంతులో బెదిరింపు లేదు, బతిమాలుకోవడమే ఉంది. నాకది ఇంకా కష్టమైంది. నా ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. కాదంటే నా మీద ఏం రాస్తారో తెలియదు. అవునంటే రేపు బోనులో నిలబడి ప్రమాణం చేసి ఆ మాటే చెప్పాలి. ఆ వారమంతా అన్నం సయించలేదు. అమ్మ ఫోను చేస్తే పని ఎక్కువగా ఉందని చెప్పాను.

వివరాలు చెప్పడానికి నన్ను కరుణ గారి దగ్గరికి ఒక్కదాన్నే పంపారు. మెట్లెక్కుతున్నప్పుడు నాకు ఒకటే ఆశ. లాయరు గదా, అందులోనూ ఆడమనిషి, ఉన్నదంతా చెప్పేసుకుంటే ఆవిడే ఏదో దారి చూపిస్తారని. కుర్చీలో కూర్చోగానే కళ్లు నిండాయి. "మేడం, మీకొక సంగతి చెప్పాలి, ఎవరితోనూ అనకండి," అని మొదలుపెట్టాను.

ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపేశారు. మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపారు.

"ఆగమ్మా. నువ్వు ఏం చెప్పబోతున్నావో నాకు తెలీదు. చెప్పేముందు ఒకటి విను. నేను నీ లాయర్ని కాదు. నేను ప్రభుత్వం లాయర్ని. నువ్వు ఇక్కడ చెప్పింది నా కడుపులో దాచుకోలేను. అవసరమైతే కలెక్టరు గారికి చెప్పాలి. అది నీకు మంచే చేస్తుందని నేను మాటివ్వలేను."

నాకు మొహం మీద తలుపు వేసినట్టయింది. మరి నేనెవరితో చెప్పుకోవాలి అని అడిగాను.

"నీ తరఫున ఆలోచించేవాళ్లతో. ఈ ఊళ్లో మంచి లాయర్లు ఉన్నారు, ఎవరినైనా అడుగు. అడిగాక మళ్లీ నా దగ్గరికి రా. కోర్టుకి జవాబు ఇవ్వడానికి ఇంకా గడువుంది."

కిందికి దిగి మందుల షాపు ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఆవిడ మీద కోపం వచ్చింది. కాస్త ఓదార్చి ఉంటే ఏం పోయిందనిపించింది. అయినా చెప్పినట్టే చేశాను. కోర్టు వరండాలో కూర్చునే ఒక పెద్ద వయసు లాయరు గారు నా మాటంతా విని, "నువ్వింకా ఏ అబద్ధానికీ సంతకం పెట్టలేదు కదా? అయితే నీకు భయం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పు, అదే కాగితం మీద కూడా పెట్టు," అన్నారు. ఎన్నో రోజుల తర్వాత ఆ పూట హోటల్లో కడుపు నిండా తిన్నాను.

మర్నాడు కరుణ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ రాసుకున్నారు. మెచ్చుకోలేదు, జాలిపడలేదు. తహసీల్దారు గారిని పిలిపించి, నా ఎదుటే మాట్లాడారు.

"మీరు మా లాయరు కదండీ. మేం చెప్పింది రాయాలి గాని," అన్నారాయన.

"మీకు మేలు జరిగేదంతా రాస్తానండీ. గెడ్డ ప్రభుత్వానిదని గట్టిగా రాస్తాను. రైతుల నష్టం రాస్తాను. కాని అబద్ధమని తెలిశాక ఆ మాట కోర్టులో నా నోటితో అనలేను. ఇంకో సంగతి. నా కక్షిదారు మీరు కాదు, ప్రభుత్వం. ఆ అప్పలరాజు కూడా ఆ ప్రభుత్వం కిందే బతుకుతున్నాడు."

ఆయన మొహం వాడిపోయింది. "నా ఉద్యోగం పోతాదండీ," అన్నారు మెల్లగా.

"అబద్ధం బయటపడితే పోవచ్చు. తొందరపడ్డామని ముందే ఒప్పుకుంటే మందలింపుతో పోతుందని నా నమ్మకం. కలెక్టరు గారికి నేనే రాస్తాను. రైతుల ఒత్తిడి గురించి కూడా రాస్తాను," అన్నారావిడ.

కలెక్టరు నుంచి జవాబు వచ్చేదాకా ఆఫీసులో నాతో మాట్లాడినవాళ్లు లేరు. జవాబు వచ్చింది. కరుణ గారు చెప్పినట్టే చేయమని. వాయిదా రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆవిడ లేచి, నోటీసు ఇవ్వలేదని, కొలత కూల్చిన తర్వాతే జరిగిందని, యజమాని ఎదుట మళ్లీ కొలవడానికి ప్రభుత్వం సిద్ధంగా ఉందని మామూలు గొంతుతో చెప్పి కూర్చున్నారు. అవతలి లాయరు పెద్ద వాదనకి తయారై వచ్చాడు. ఆయనకి అనడానికేమీ మిగల్లేదు.

రెండోసారి కొలిచినప్పుడు గొలుసు రెండో కొస అప్పలరాజే పట్టుకున్నాడు. హద్దు రాయి ఎక్కడ పడాలో తన కళ్లతో చూసుకున్నాడు. రైతులు గట్టు మీద నిలబడ్డారు. "మొదటిసారి వచ్చిందే ఇప్పుడూ వచ్చింది కదమ్మా," అన్నాడు చివర్లో. "అయితే ఇప్పుడు నాను నమ్ముతాను." కోర్టులోనే రాజీ కుదిరింది. అతను ముందు భాగం గెడ్డకి వదిలేశాడు, పాడైన యంత్రానికి పరిహారం తీసుకున్నాడు, వెనక జిరాయితీలో షెడ్డు వేసుకున్నాడు. గెడ్డ పారింది. తహసీల్దారు గారికి మందలింపు కాగితం ఒకటి వచ్చింది, అంతే. ఆ సాయంత్రం ఆయన నన్ను పిలిచి టీ తెప్పించారు. "నాకు ఇప్పుడు గుండెలమీద బరువు దిగిందమ్మా," అన్నారు. నా ప్రొబేషన్ కాగితం మీద మంచిమాటే రాశారు.

తర్వాత ఒకసారి కరుణ గారి గదికి వెళ్లి, ఆ రోజు నన్నెందుకు ఆపారని అడిగాను. నిజం చెప్పడానికే కదా వచ్చాను.

"నువ్వు నన్ను నీ మనిషి అనుకుని వచ్చావు. అలా అనుకోనిచ్చి నీ నోటినుంచి రాబడితే నిజమే వచ్చేది. కాని నేను నిన్ను మోసం చేసినట్టయ్యేది," అన్నారు. "ఎవరి తరఫున కూర్చున్నానో చెప్పాక కూడా నువ్వు నిజమే చెప్పావు. అది నేను రాబట్టింది కాదు, నీది."

ఆవిడ ఆ పదవి తానుగా వదులుకుని, ఇప్పుడు గవరపాలెంలో ఇంటి దగ్గరే ఉంటున్నారు. నేను ఇప్పుడు ఎక్కడికి కొలతకి వెళ్లినా ముందు ఒక మాట చెబుతాను. "నేను ప్రభుత్వం తరఫున వచ్చాను. మీరు చెప్పింది రాసుకుంటాను. అది మీకు వ్యతిరేకంగా కూడా వెళ్లొచ్చు. ఆలోచించుకుని చెప్పండి." ఇలా చెబితే ఎవరూ నోరు విప్పరని నాతో పనిచేసే కుర్ర సర్వేయర్లు నవ్వుతారు. పోయిన నెల నక్కపల్లి వైపు ఒక ముసలావిడ తన కొబ్బరి చెట్ల వరస దగ్గర నిలబడి ఆ మాటంతా శ్రద్ధగా వింది. కొంగు నడుముకి దోపుకుంది.

"ముందే సెప్పీసినావు, మంచిదమ్మా," అంది. "ఆ సివరి సెట్టు మాది కాదు. రాసుకో."