సముద్రం పక్కన ద్రాక్ష వేసినవాడు

మా బావ పోయాడు. పోయిన మంగళవారం పొద్దున అక్క ఫోన్ చేసి, "మీ బావ పోయినాడు రా, బయల్దేరు," అంది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. సంచిలో ఒక పంచె, తువ్వాలు పెట్టుకుని నెల్లూరులో మైపాడు బస్సెక్కాను. బస్సులో ఒకాయన నన్ను గుర్తుపట్టి, "మహానుభావుడు సార్, సముద్రం పక్కన ద్రాక్ష పండించినాడు," అన్నాడు. పండించిన మాట నిజమే. మిగతా సంగతి ఆయనకు తెలియదు. తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

పోయినవాళ్ళ మీద రాసే వ్యాసాలు నేను చాలా చదివాను. ముప్పై ఏళ్ళు కాలేజీ లైబ్రరీలో కూర్చున్నవాడికి అది తప్పదు. వాటిలో చెడ్డవాడనేవాడు కనపడడు. అందరి ముఖాల మీదా చిరునవ్వే. మా బావ చిరునవ్వు నేనెప్పుడూ చూడలేదు. ఎదుటివాడు గట్టు మీద కాలు జారి పడితే మాత్రం పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ద్రాక్షకు పొడిగాలి కావాలి. మాది ఉప్పు గాలి, వాయుగుండాలు వచ్చే దారి. ఊళ్ళో అందరూ వరి, వేరుశనగ వేస్తుంటే బావ రాతి కూసాలు నాటించి, ఇనుప తీగలు లాగించి పందిరి వేశాడు. మిగతా చోట్ల అక్టోబరులో కొమ్మ కత్తిరిస్తారు. ఇక్కడ అప్పుడు వానలు. అందుకని జనవరి నడిమిదాకా ఆగి కత్తిరించేవాడు. వానలు తప్పించుకోవచ్చు గానీ పూత ఫిబ్రవరి చివరికి జరుగుతుంది. అప్పుడే అసలు గండం. పొద్దున మంచు, మధ్యాహ్నం మాడ్చే ఎండ, సాయంత్రం సముద్రం మీది తడిగాలి. ఎండ ఎక్కువైతే పూతలో తామర పురుగు, మంచు ఎక్కువైతే బూజు తెగులు. ఆ నలభై రోజులూ బావ మనిషిలా ఉండడు. తెల్లారకముందే తోటలోకి పోయి, ఆకు మీది మంచును వేలితో తీసి నాలుక మీద వేసుకునేవాడు. ఉప్పగా ఉంటే గాలి సముద్రం నుంచి, చప్పగా ఉంటే మంచు పట్టుకున్నట్టు. చప్పగా ఉన్న రోజు అక్క వడ్డించిన అన్నం కూడా తిట్టి తినేవాడు.

నేను రిటైరయ్యాక తన గట్టు పక్కనే ఉన్న నా రెండెకరాల్లో నాచేత కూడా ద్రాక్ష వేయించాడు. నేర్పించాడు కూడా, దాన్ని కాదనను. కత్తెర నా చేతిలో పెట్టి, కొమ్మ మీద చిగురొచ్చే కళ్ళు ఎలా లెక్కపెట్టాలో చూపించాడు. నేను జంకుతుంటే, "కొయ్యరా! జాలిపడినావంటే ఆకులు మేసుకుంటా కూర్చుంటావు," అనేవాడు. తోటలోకి పుస్తకం తెచ్చుకున్నానంటే చాలు.

"ఏందిరా అది? బొమ్మ చూసి పురుగుని పట్టుకుంటావా?"

"ఇందులో అన్నీ వివరంగా ఉన్నాయి బావా."

"పురుగు కూడా చదువుకున్నదేనా మరి?"

కూలీలు నవ్వేవాళ్ళు. నేను పుస్తకం ఇంట్లో పెట్టేసి రావడం మొదలుపెట్టాను. నా జీవితంలో చేసిన తప్పుల్లో అది పెద్దది.

మూడో ఏడు పూత సమయంలో నాలుగు రోజులు మంచు వదల్లేదు. నా తోటలో ఆకు మీద నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చలు కనిపించాయి. ఒక ఆకు తుంచి గట్టు దగ్గరికి తీసుకుపోయాను. బావ అప్పుడే వేలు నాకి, పక్కకి ఉమ్మేశాడు.

"బావా, ఇదేంది?"

ఆకు చేతిలోకి తీసుకున్నాడు. పైన చూశాడు. తిప్పి అడుగున చూడలేదు. తెగులో కాదో తెలిసేది అడుగునే. తెల్లటి బూజు ఉంటే అదే. పందిట్లో పుట్టిన పిల్లకాయకి కూడా ఆ సంగతి తెలుసు, పుస్తకం ఇంట్లో పెట్టొచ్చిన నాకే అప్పటికి తెలియదు. ఆయన తిప్పలేదు.

"ఉప్పు గాలి మరక. ఒక తడి కట్టు, పోతాది," అన్నాడు.

తడి కట్టాను. బూజుకు నీళ్ళు పెట్టి పెంచుకున్నాను. మరునాడు పొద్దున ఆయన తోటలో మందు కొట్టే మోటరు చప్పుడు వినిపిస్తే, "ఏం కొడుతున్నావు బావా?" అని అరిచాను. "తామర పురుగుకిలే!" అన్నాడు. సాయంత్రం అక్క ఇంటికి కాఫీకి పోతే ఆయన పంచె దండెం మీద ఆరుతోంది, నిండా నీలం మరకలు. తామర పురుగు మందు పడితే నీలం అంటదు. అది మైలుతుత్తం, బూజు తెగులు మందు. ఆ వారం నెల్లూరు అంగళ్ళలో మైలుతుత్తం దొరకలేదు. ఆయన దగ్గర ఒక తోటకు సరిపడా ఉంది. నిజం చెప్పి ఉంటే నేను సగం అడిగేవాణ్ణి, అక్క ఇప్పించేది.

పది రోజుల్లో నా పూత నల్లబడి పొగాకు పొడిలా రాలింది. ఆయన తోటలో గుత్తులు కట్టాయి. ఆ వేసవి నేను తీగలు పీకించేసి, నేలను రొయ్యల గుంటలకు ఇచ్చేశాను. బావ గట్టు మీద నిలబడి చూశాడు.

ఏడాది తిరిగింది. మళ్ళీ పూత, మళ్ళీ మంచు. అక్క కబురు చేసింది: "మీ బావకి కళ్ళకి పొర వచ్చింది రా. మందు కలుపుకోలేడు. పాత సంగతులు వదిలేసి ఒకసారి రా." వెళ్ళాను.

మైలుతుత్తం నీళ్ళలో సున్నం నీళ్ళు కలుపుతారు. సున్నం చాలకపోతే మందే ఆకును కాల్చేస్తుంది. అందుకని కలిపాక రుద్దిన ఇనుప కత్తి ఒకటి అందులో ముంచి, కాసేపు ఉంచి తీస్తారు. తెల్లగా వస్తే కొట్టొచ్చు. ఎర్రగా రాగి పట్టుకుని వస్తే ఇంకా సున్నం పొయ్యాలి. బావ కత్తి ముంచి, తీసి నా ముందు పెట్టాడు.

"నాకు కళ్ళు ఆనడంలా. ఎట్టుందో చెప్పు."

కత్తి అలుగు పొడుగునా ఎర్రగా రాగి పట్టింది. బాగా చూశాను. సున్నం బస్తా నా కాలి దగ్గరే ఉంది.

"తెల్లగానే ఉంది బావా."

"బాగా చూసినావా?"

"చూసినా."

"అయితే కొట్టమని చెప్పనా?"

"చెప్పు."

కొట్టారు. మూడో రోజుకు లేత ఆకులు అంచుల నుంచి మాడి ముడుచుకున్నాయి. పూత కాలిన వెంట్రుకల్లా అయింది. సున్నం అమ్మినవాడు బూడిద కలిపాడని అక్క అంగడి ముందు నిలబడి శాపాలు పెట్టింది. ఆ అంగడాయన ఏ పాపం ఎరగడు. బావ నోరు మెదపలేదు, నేనూ మెదపలేదు. ఆ తర్వాత ఆయన మళ్ళీ కొమ్మ కత్తిరించలేదు. ఆ నేల కూడా గుంటల్లోనే కలిసింది. కళ్ళకు ఆపరేషన్ చేయించుకున్నాడు, ఏడెనిమిదేళ్ళు వరండాలో కూర్చుని దారినపోయేవాళ్ళను వెక్కిరించాడు, ముసలివాడయ్యాడు.

పోయిన నెల చూడబోయాను. మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. అక్క వంటింట్లో ఉంది.

"రేయ్, ఆ పొద్దు కత్తి మీది ఎరుపు నాకూ కనపడింది," అన్నాడు.

నేను వంటింటి వైపు చూశాను.

"అంత మందం పొర కాదులే అది. నువ్వు చెప్తావేమోనని చూసినా. మోటరు వేసేదాకా చూసినా."

"తోట పోయింది గదా బావా?"

"నీది పోలేదా?"

అక్క మజ్జిగ తెచ్చి, "ఏంది మాట్లాడుకుంటా ఉండారు?" అంది. "ఈ ఏడు మంచు ఎక్కువంటన్నాడు మీ తమ్ముడు," అన్నాడు బావ, గ్లాసు అందుకుంటూ.

దీన్ని పశ్చాత్తాపం అనేవాళ్ళు ఉంటారు. పుస్తకాల్లో అలాంటి మనుషులు కనిపిస్తారు కూడా. నేను అనను. నాకు చేసినదానికి ఆయన క్షమాపణ అడగదలచలేదు. నన్ను తనంత వాణ్ణి చేయదలచుకున్నాడు. దానికి తోట మొత్తం పెట్టాడు. ఆ పంట ఒక్కటే ఆయనకు నూటికి నూరు పాళ్ళూ చేతికొచ్చింది. సున్నం పొయ్యరా అని ఒక్క మాట అంటే రెండు పందిళ్ళలో ఒకటైనా నిలబడేది. ఆ మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ చెడ్డవాళ్ళో తేల్చుకుందామంటే ఇక ఆయన లేడు.

ఇది అచ్చయితే ఎవరో ఒకరు అక్కకు చదివి వినిపిస్తారు. వినిపించండి. అంగడాయనకు కూడా.

దహనం అయ్యాక, స్నానం చేసి తడి బట్టలతో అందరూ ఇంటిదారి పట్టారు. నేను గుంటల వైపు నడిచాను. పందిరి తీగలు ఎప్పుడో ఊడదీశారు గానీ రాతి కూసాలు పీకలేదు. నా నేలా ఆయన నేలా అని గట్టు లేదిప్పుడు, అంతా ఒకటే నీళ్ళు. వరసగా నిలబడ్డ కూసాల మీద, కూసానికొకటి చొప్పున, నల్లటి నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. వాటిని తోలడానికి కాపలావాడు టపాకాయ కాల్చాడు. అన్నీ ఒక్కసారిగా లేచి, రొయ్యల మీదుగా ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వచ్చి దేని కూసం మీద అది వాలింది.