నరం కాదమ్మా, పురుగు

మా ఊళ్లో దాన్ని నారి అనేవాళ్లు. ఫలానావాళ్లకు నారి లేచింది, ఫలానావాళ్లు నారి తీయించుకున్నారు అని ప్రతి ఎండాకాలం వినపడేది. అదేమిటని అడిగితే మాత్రం అందరూ చెప్పే జవాబు ఒకటే: నరం. ఒంట్లో వేడి ఎక్కువై కాల్లో ఒక నరం చెడిపోయి, బొబ్బగా లేచి, చర్మం చీల్చుకుని బయటికి వస్తుందని నమ్మేవాళ్లు. చూడడానికీ అలాగే ఉండేది. తెల్లగా, సన్నగా, నానిన నూలుదారం లాగా ఉండి, మొత్తం బయటికి వస్తే మూరెడు పొడవు పైమాటే. నారి అన్నా నరం అన్నా మా చెవులకు ఒక్కటే మాట.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. కారంపూడికి రెండు కోసుల దూరంలో ఉండే మా ఊరికి చైత్రం దాటితే ఒక్క దిగుడుబావే దిక్కు. మెట్లు దిగి మోకాలి లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాలి. నాన్న నా చిన్నప్పుడే పోయారు. నాలుగెకరాల మెట్టచేను అమ్మే చేయించేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేనికి నడిచి వెళ్లి వచ్చేది. ఆమె నడిచినంతకాలమే మాకు తిండి. నాకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమెకు జ్వరం వచ్చిన రోజు పొయ్యి మీదికి ఏం ఎక్కించాలో నాకు తోచేది కాదు.

ఆ వైశాఖంలో అమ్మ ఎడమ చీలమండ మీద బొబ్బ లేచింది. మూడు రోజులకు పగిలింది. అందులో తెల్లటి కొస కనిపించింది.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మా మేష్టారు బదిలీ అయి వెళుతూ ఒక జీవశాస్త్రం పుస్తకం ఇచ్చిపోయారు. కొత్తగా చదివే పిల్లల కోసం రాసింది, అట్ట ఊడిపోయింది. జీవి అంటే ఏమిటి అన్నది మొదటి పాఠం. తింటుంది, పెరుగుతుంది, కదులుతుంది, ఊపిరి తీస్తుంది, తాకితే తెలుసుకుంటుంది, తనలాంటివాటిని పుట్టిస్తుంది. ఇవన్నీ నా నోటుబుక్కులో రాసుకుని, కనపడ్డ ప్రతిదాన్నీ వాటితో సరిచూసుకునేదాన్ని. చీమ సరిపోయింది. చింతచెట్టు కదలదు కదా అనుకున్నాను, సాయంత్రం దాని ఆకులు ముడుచుకోవడం చూసి ఒప్పుకున్నాను. పొయ్యిలో నిప్పు దగ్గర ఆగిపోయాను. అదీ తింటుంది, పెరుగుతుంది, పక్క పుల్లకు అంటుకుని ఇంకో నిప్పు అవుతుంది. మరి అది జీవి ఎందుకు కాదు? దానికి జవాబు మూడో పాఠంలో దొరికింది. జీవులన్నీ కణాలతో తయారవుతాయట. నిప్పులో కణాలుండవు.

ఒంట్లో చేరి బతికే జీవుల పాఠం పుస్తకం చివర్లో ఉంది. అమ్మ బొబ్బ పగిలిన మర్నాడు అక్కడికి చేరాను. ఆ పుటలో ఒక పాదం బొమ్మ, దాని పక్కన పుల్లకు చుట్టిన దారం. మా ఊళ్లో నారి తీసేటప్పుడు పుల్లకు చుట్టేదే అది.

అది నరం కాదు, పురుగు. ఆడపురుగు. బావినీళ్లలో సూదిమొనంత నీటిపురుగులు ఉంటాయి. వాటి కడుపులో దీని పిల్లలుంటాయి. ఆ నీళ్లు తాగితే లోపలికి పోతాయి. ఏడాదిపాటు కండల మధ్య పెరుగుతాయి. కనే వేళకు పురుగు కాలి దగ్గరికి దిగి చర్మాన్ని మండిస్తుంది. మంట తట్టుకోలేక మనిషి కాలు నీళ్లలో పెడతాడు. దానికి కావలసిందీ అదే. పాలలాంటి చుక్క వదులుతుంది, ఆ చుక్కలో వేలకొద్దీ పిల్లలు.

అమ్మ రోజూ పొద్దున బావి మెట్టు మీద కూచుని కాలు నీళ్లలో పెట్టుకుంటోంది. అలా పెడితే ప్రాణం లేచొస్తోందని చెప్పేది.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఎదుటివాళ్లు పెద్దవాళ్లయితే వాక్యం మొదలుపెట్టాక సగంలో గొంతు ఆగిపోయేది. అందుకని ఖాళీ మందుసీసాలో బావినీళ్లు పట్టి తెచ్చి, ఎండకు ఎదురుగా పెట్టి అమ్మకు చూపించాను. తెల్లటి చుక్కలు తటాలున ఎగురుతూ కదులుతున్నాయి. బావిలో కాలు పెట్టొద్దని పుస్తకంలో ఉందని మాత్రం అనగలిగాను.

"నలకలే గదే. గుడ్డేసి వడగట్టుకో. వీటిని చూసి బావి మానుకుంటే యాడ తాగుతాం, నీ పుస్తకంలో తాగుతామా?" అంది అమ్మ.

ఆ పూట నుంచి పాత చీర నాలుగు మడతలు వేసి నీళ్లు వడగట్టడం మొదలుపెట్టాను. నారి నరం కాదు, పురుగు అన్న అసలు మాట మాత్రం నోట్లోనే ఉండిపోయింది.

ఎద్దులకు నాడాలు కొట్టే సాయిబు మా పేటలో నారి తీసేవాడు. వచ్చి అరుగు మీద కూచుని, అమ్మ కాలు పీట మీద పెట్టించి, గాయం మీద చెంబుతో చన్నీళ్లు పోశాడు. కొస మీద పాలచుక్క తేలింది. నరంలో సారం పోతోందని పక్కింటి పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది. సాయిబు ఏమీ అనకుండా చీపురుపుల్ల ముక్క తీసి, కొసను దానికి పట్టించి, మెల్లగా ఒక్క చుట్టు తిప్పి కట్టుకట్టాడు. రోజుకు ఒక్క చుట్టే, ఆశపడి లాగితే తెగుద్ది, తెగితే నా చేతిలో ఏమీ లేదు చెల్లెమ్మా అన్నాడు. లోపల ఇంకెంత ఉందని అమ్మ అడిగితే, అది మనకు చెప్పి రాదు గదా అని నవ్వాడు.

తొమ్మిది రోజులు తొమ్మిది చుట్లు అయ్యాయి. అమ్మ మాట్లాడటం తగ్గించింది. పుల్ల వైపే చూస్తూ కూచునేది. ఆ తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో జొన్నలు చెరుగుతుంటే వసారాలో పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఉన్న నరమంతా పుల్లకు చుట్టుకుంటే కాలుకేం మిగులుద్దే? మా చిన్నాయన కాలు ఇట్టనే పడిపోయింది. మళ్లీ లేవలా. నీకా, మొగదిక్కు లేదు."

నా చేతిలో చేట ఆగింది. వసారాలోకి పోవడానికి నాలుగడుగులు. పోయి చెప్పాల్సింది ఒక్క మాట. పెద్దమ్మ ముందు అమ్మకు నేను నేర్పినట్టుంటుందని, ఆమె వెళ్లాక చెబుదామని అనుకున్నాను. ఆమె వెళ్లేసరికి నీళ్లకు పొద్దుపోతోంది. వచ్చి చెబుదాం అనుకున్నాను. పోయే ముందు నోటుబుక్కులో రాసిపెట్టాను కూడా. అది నరం కాదు, పురుగు, అమ్మకు ఈ పూట చెప్పాలి.

బిందెతో తిరిగి వచ్చేసరికి పొయ్యి దగ్గర కొడవలి ఉంది. పుల్ల పొయ్యిలో కాలుతోంది. అమ్మ గోడకు ఆనుకుని కూచుంది, చాలా రోజుల తరవాత ముఖం తేలిగ్గా ఉంది.

"కోసేసినా. పోయింది పోయింది. లోపల మిగిలిందన్నా కాలుకు ఆసరాగా ఉంటది," అంది.

ఆ ముక్క లోపలికి జారిపోయింది. తెల్లారేసరికి చీలమండ ఎర్రగా ఉబ్బింది. మూడో రోజుకు వాపు మోకాలు దాటింది, జ్వరంలో అమ్మ చేని గట్ల గురించి, కూలీల గురించి ఏదేదో మాట్లాడింది. సాయిబు వచ్చి చూసి తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గురజాల ఆసుపత్రికి బండి కట్టాం. దారిపొడుగునా ఆమె కాలు నా ఒళ్లో ఉంది. బండి కుదిపినప్పుడల్లా ఆమె పళ్లు బిగబట్టేది. అప్పుడు చెప్పాను. గొంతు ఎక్కడా ఆగలేదు.

"అమ్మా, అది నరం కాదమ్మా. పురుగు. నువ్వు కోసింది పురుగుని."

ఆమె నా ముఖంలోకి చూసి అడిగింది.

"ఈ మాట మొన్న చెప్పలేకపోయావటే?"

ఆసుపత్రిలో కోసి చీము తీశారు. కాలు తీసెయ్యాల్సి వస్తుందేమోనని నాలుగు రోజులు అన్నారు. ఆ నాలుగు రోజులూ వరండాలో కూచుని జీవి లక్షణాలు మొదటి నుంచి చివరిదాకా వల్లె వేసుకున్నాను. ఇంకేం చేయాలో తెలియలేదు. చివరికి కాలు దక్కింది. చీలమండ మాత్రం బిగుసుకుపోయింది. వేళ్లు కదలవు. ఆమె మళ్లీ చేనిదాకా నడవలేదు. చేను కౌలుకిచ్చాం, సగం గింజలే ఇంటికి వచ్చాయి. ఆమె కర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తుంటే నేను లోపలికి తప్పుకునేదాన్ని.

మరుసటి ఎండాకాలం నా కుడిపాదం మీద బొబ్బ లేచింది. వడగట్టడం మొదలుపెట్టక ముందు తాగిన నీళ్లలోది అది. పుస్తకం చెప్పినట్టే ఏడాది పట్టింది. మంట ఎలాంటిదో అప్పుడు తెలిసింది. బావి మెట్ల మీద అమ్మ ఎందుకు కూచునేదో తెలిసింది. నేను బావికి పోలేదు. పక్కింటి పెద్దమ్మ ఇంటికి నడిచిపోయి, నా బదులు నీళ్లు తెచ్చిపెట్టమనీ, నారి లేచినవాళ్లెవరూ బావిలో దిగకూడదనీ, అది పురుగనీ చెప్పాను. ఆమె నన్ను కొత్తగా చూసినట్టు చూసింది. నీళ్లు మాత్రం తెచ్చింది.

ఆ ఏడు సాయిబు ఊళ్లో లేడు. పుల్ల అమ్మ పట్టుకుంది. రోజూ పొద్దున కర్ర ఊతంతో నా దగ్గరికి వచ్చి, బిగిసిన కాలు చాపుకుని కూచుని, ఒక్క చుట్టు తిప్పేది. నరమా పురుగా అన్న మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. రెండో చుట్టు ఎన్నడూ వెయ్యలేదు.

ఇరవై రెండో రోజున తోక వచ్చింది. అమ్మ దాన్ని మోదుగాకు మీద పొడుగ్గా పరిచింది. తరవాత నా పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"వేళ్లు కదిలించు," అంది.

కదిలించాను. అయిదు వేళ్లూ కదిలాయి. మళ్లీ కదిలించమంది. మళ్లీ కదిలించాను. ఆమె నా పాదం వదల్లేదు. తలతిప్పి చాపిన తన కాలి వేళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది.